నా ఫోనులో కుప్పం వాన

డబ్బా తప్పు చెబుతోందని మొట్టమొదట చెప్పింది నేను. ఆ మాట ముందు పెట్టి మిగతాది చెబుతాను. ఎందుకంటే ఇప్పుడు ఎవరిని అడిగినా కుప్పం ఆమె కనిపెట్టిందంటారు. ఆమె నాకన్నా నాలుగు రోజులు వెనక. నాకు సంతకమూ అంకెలూ తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే వేరేవాళ్లు రాస్తున్నారు. రాసేవాళ్లు కూడా ఈ నాలుగు రోజుల సంగతి సరిగ్గా రాయాలి.

పుంగనూరు బయట, పెద్దపంజాణి పోయే వైపు, నాకు ముప్పావు ఎకరా మల్బరీ తోట, దాని పక్కన పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. నా మొగుడు పోయి ఏడేళ్లు. ఆయన ఉన్నప్పుడు ఆకు ఆయన కోసేవాడు, పురుగులు నేను చూసేదాన్ని. ఇప్పుడు రెండూ నేనే. పట్టుపురుగు చంటిబిడ్డ లాంటిది. ఎండ ఎక్కువైనా పడదు, తేమ ఎక్కువైనా పడదు. చుట్ట తాగినవాడు గుమ్మంలో నిలబడినా దానికి పడదు. షెడ్డులో కాలు పెట్టగానే నా చర్మమే చెబుతుంది, ఈ రోజు కిటికీ తెరవాలా, తడి గోనెలు కట్టాలా అని.

ఆ చర్మానికి తెలిసేదాన్ని డబ్బాకు నేర్పిస్తానని మదనపల్లె నుంచి ఒక పిల్ల వచ్చింది. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం మానుకుని వచ్చిందట. మా ఇంట్లోనే నెల రోజులు ఉండింది. ఆకు కోసింది, నాతో పాటు తట్టలు కడిగింది, సంగటి తినింది. నా పక్కన నిలబడి, "ఇప్పుడు నీకు ఎట్లుంది పెద్దమ్మా? ఉక్కగా ఉందా? ఎంత ఉక్క?" అని గంటకొకసారి అడిగేది. నేను చెప్పింది రాసుకునేది. నన్ను అట్లా కూర్చోబెట్టి అడిగిన మనిషి నా బతుకులో ఇంకొకరు లేరు. మొగుడు కూడా అడగలేదు. నాకు పిల్లలు లేరు. ఆ నెల రోజులూ ఆ పిల్ల చెప్పుల జత గుమ్మం ముందు కనబడితే నాకు కడుపు నిండినట్టుండేది.

తర్వాత ఆ పిల్ల, మదనపల్లెలో ఒక అంగడి మిద్దె మీద, ప్రోగ్రాం రాసే అతనితో కలిసి డబ్బాలు చేసింది. అరచేయంత తెల్ల డబ్బా. షెడ్డులో వేలాడదీస్తే లోపలి వేడినీ తేమనూ కొలిచి ఫోనుకు పంపుతుంది. ఫోను తెలుగులో మాట్లాడుతుంది. "తేమ పెరిగింది, కిటికీలు తెరవండి" అంటుంది. "గాలి ఎండిపోయింది, తడి గోనెలు కట్టండి" అంటుంది. చదువు రానిదానికి ఇంతకన్నా ఏం కావాలి? మొదట మూడే చేశారు. ఒకటి మదనపల్లెలో ఆ పిల్ల మేనమామ షెడ్డుకు, ఒకటి నాకు, ఒకటి కుప్పంలో ఇంకొక ఆమెకు.

కుప్పంలో ఇంకొక ఆమె ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది. ఈ పంట అయ్యాక మూడు షెడ్లలో ఒకదాన్ని నేర్పించే షెడ్డు చేస్తారట. పెద్దపంజాణి, వాల్మీకిపురం, గుర్రంకొండ వైపు నుంచి ఆడవాళ్లు వచ్చి డబ్బా ఎట్లా వాడాలో అక్కడే నేర్చుకుంటారట. ఆ పిల్ల వారానికి రెండు మూడు రోజులు అక్కడే ఉంటుందట. నాకు ఇంకేమీ వినబడలేదు. వారానికి రెండు మూడు రోజులు. ఆ షెడ్డు నాదే కావాలి అనుకున్నాను. నాది కాక ఎవరిది అవుతుందిలే అని కూడా అనుకున్నాను.

డబ్బాలు ఇచ్చే రోజు మమ్మల్ని మదనపల్లె పిలిపించారు. శుక్రవారం. కొత్త సామానుకు పూజ చేయకుండా ఎవరు ఇంటికి తీసుకుపోతారు? మేజా మీద మూడు డబ్బాలూ పెట్టి, ఒక పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు పెట్టారు. అప్పుడు చూశాను కుప్పం ఆమెను. నాకన్నా పదేళ్లు చిన్న. తల నిండా కనకాంబరాలు. మాటలో సగం అరవం. వచ్చీ రాగానే ఆ పిల్ల గడ్డం పట్టుకుని, "కణ్ణూ, చిక్కిపోయినావు గదే" అంది. కణ్ణూ! అరవంలో కన్నా అని ముద్దుగా పిలిచే మాట. నేను నెల రోజులు అన్నం పెట్టి "పాపా" అని మాత్రమే పిలిచాను. ఈమె ఎన్ని రోజులు పెట్టిందో, ఏం పెట్టిందో.

"ఎవరి డబ్బాకు వాళ్లు బొట్టు పెట్టండి" అంది ఆ పిల్ల. దానికి తెలియదు పాపం, ఈ కాలం పిల్ల. కుప్పం ఆమె తన డబ్బాకు మూడు వేళ్లతో పసుపు రాసి, నిండుగా బొట్టు పెట్టి, పువ్వు తగిలించింది. పళ్లెం నా ముందుకొచ్చింది. నా చెయ్యి లేవలేదు. ప్రోగ్రాం రాసే అతని తల్లి అది చూసి, "ఉండమ్మా, నీ దానికి నేను పెడతాలే" అంది. అనేసి, కాఫీ పొంగుతోందని లోపలికి పోయింది. తిరిగొచ్చేసరికి ఆమెకు ఆ మాటే గుర్తు లేదు. మూడింట్లో రెండు డబ్బాలు ముత్తైదువుల్లా కూర్చున్నాయి. నాది నాలాగే కూర్చుంది.

అందరూ భోజనాలకు పక్క గదిలోకి పోయారు. నేను చెయ్యి కడుక్కునే నెపంతో వెనకబడ్డాను. కుప్పం ఆమె డబ్బా తీసి నా అట్టపెట్టెలో పెట్టుకున్నాను. నా బోసి డబ్బాకు, ఆ పళ్లెంలోని కుంకుమే తీసి, నా చేత్తో బొట్టు పెట్టి, పువ్వు తగిలించి ఆమె అట్టపెట్టెలో పెట్టాను. ఏడేళ్ల తర్వాత ఆ వేలికి కుంకుమ అంటింది. లోలంగా అంచుకు తుడుచుకుని పోయి విస్తరి ముందు కూర్చున్నాను. కుప్పం ఆమె నాకు వడ వడ్డిస్తూ, "తినండక్కా, సన్నంగా ఉండారు" అంది. వడ మొత్తం తిన్నాను.

రెండూ ఒకే రకం డబ్బాలు, ఏది ఎవరిదైతే ఏమి అనుకున్నాను. ఒక్కొక్క డబ్బాను ఒక్కొక్కరి ఫోనుకు ముందే ముడి వేసి పెట్టారని నాకు తెలియదు. నా షెడ్డులో వేలాడే డబ్బా కుప్పం ఆమె ఫోనుకు కబుర్లు పంపుతుందనీ, ఆమె షెడ్డులో వేలాడేది నా ఫోనుకు పంపుతుందనీ నేనెట్లా అనుకుంటాను?

పట్టుబడకపోవడానికి కారణం ఒకటే. పుంగనూరుకూ కుప్పానికీ ఎండ ఒకటే, చలి ఒకటే. ఆడ ఉక్కపోస్తే ఈడా ఉక్కపోస్తుంది. రెండు వారాలకు పైగా ఫోను చెప్పిందీ నా చర్మం చెప్పిందీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఎప్పుడైనా కొంచెం తేడా వస్తే, కొత్తది గదా అనుకునేదాన్ని.

పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. జ్వరం అంటే పురుగు మేత మాని, కదలకుండా ఉండి, పాత పొర విడిచే సమయం. నాలుగోది దాటితే ఇక ఆకలే ఆకలి. వారం రోజులు రేయింబవళ్లు తిని గూడు కడుతుంది. ఆ వారంలో తప్పు జరిగితే పంట మొత్తం పోతుంది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, బయట గాలి పొయ్యి మీది పెనంలా ఉంటే, ఫోను అంది: "తేమ చాలా పెరిగింది. అన్ని కిటికీలు తెరవండి. తడి గోనెలు తీసేయండి."

నా చర్మం కాదంటోంది. కానీ ఆ పిల్ల గొంతుతోనే ఫోను చెబుతోంది. ఫోనులో మాట్లాడేది దాని గొంతే మరి. తెరిచాను. గోనెలు తీసేశాను. అరగంటలో తట్టల మీది ఆకు అప్పడంలా ఎండిపోయింది. పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి, ఆకలికి. గబగబా అన్నీ మూసి, గోనెలు తడిపి కట్టి, కొత్త ఆకు కోసుకొచ్చి వేశాను. ఆ పిల్లకు ఫోను చేశాను.

"పాపా, నీ డబ్బా అబద్ధం చెప్పింది."

"ఏమంది పెద్దమ్మా? ఏ గంటకు?" ఆ పిల్ల ఎప్పుడూ అంతే, కంగారు పడదు. ఒక్కొక్కటీ అడుగుతుంది. "ఒక్కసారే అందా? మళ్లీ అందా? అప్పుడు నువ్వు నీళ్లు చల్లినావా? డబ్బాను ఎవరన్నా కదిలించినారా? మార్చినారా?"

ఆ చివరి మాట దగ్గర తలెత్తి డబ్బా మీది బొట్టు చూశాను. డబ్బాలు మార్చడానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకు తోచనే లేదు. పూజ రోజు సంగతి బయట పడుతుందనే సిగ్గు ఒక్కటే.

"లేదు పాపా. ఎవురు మారుస్తారు?" అన్నాను.

"సరే. రాసుకున్నా. ఒక్కసారే కదా, కొన్ని రోజులు చూద్దాం" అంది.

చూద్దామా? నా పురుగులు తలలెత్తి ఊగుతుంటే చూద్దామా? ఇదే ఫోను కుప్పం ఆమె చేసి ఉంటే ఇట్లాగే అనేదా అనుకున్నాను. ఆ రాత్రంతా అదే నమిలాను.

రెండు రోజులు ఓర్చుకుని, తట్టల్లో చల్లే సున్నం కావాలనే సాకుతో మదనపల్లె బస్సెక్కాను. పుంగనూరులోనే సున్నం దొరుకుతుంది. మిద్దె మెట్లు ఎక్కి పోతే, గోడ మీద పెద్ద కాగితం అంటించి ఉంది. దాని మీద రెండు గళ్లు. ఇదేందని అడిగాను.

"ఎడమ పక్క ఉండేవి కారణం తెలిసిన తప్పులు పెద్దమ్మా. అవి వరసగా సరిచేసుకుంటూ పోతాం. కుడి పక్కవి ఎందుకు జరిగినాయో తెలియనివి" అంది ఆ పిల్ల.

ఎడమ పక్క కాగితం కింద దాకా నిండి ఉంది. కుడి పక్క నాలుగు వరసలే. "నాది యాడ ఉండాది?" అన్నాను. కుడి పక్క చివరి వరస చూపించింది. నా తప్పు గోడ మీద ఉందని ఒక నిమిషం సంతోషపడ్డాను.

ప్రోగ్రాం రాసే అతను కుర్చీ తిప్పి, "చూడమ్మా, ఇది ఇంకా పచ్చిగా ఉంది. రెండు నెలల్లో ఆ భాగమంతా తీసేసి మళ్లీ రాస్తాం. ఒక్కసారి జరిగి, మళ్లీ జరగని దాని వెనక పడితే వారం పోతుంది. ఆ వారంలో ఎడమ పక్కవి పది సరిచేస్తా" అన్నాడు.

"అది నిజమే. కానీ పురుగు చచ్చే తప్పయితే?" అంది ఆ పిల్ల.

"చచ్చిందా?"

"సావలేదు" అన్నాను నేను. అనకుండా ఉంటే బాగుండు అనిపించింది.

"మళ్లీ జరిగిందా?"

"లేదు."

"మనం కావాలని జరిపించగలమా?" అన్నాడు ఆ పిల్ల వైపు తిరిగి. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "మరి దేన్ని పట్టుకుని వెతకమంటావు? ఎలుక కనబడకుండా ఇల్లంతా తవ్వమంటే ఎట్లా?"

అతను చెప్పేది తప్పు కాదు. నాకు చదువు లేకున్నా అది తెలుసు. ఉన్నవి నాలుగు చేతులు, పని కొండంత. ఏది తవ్వాలి, ఏది వదలాలి అనేది వాళ్ల తలనొప్పి. కానీ నా తలనొప్పి వేరే. ఆ పిల్ల నా షెడ్డుకు రావాలి. అందుకే నాకు తెలిసిన విద్య తీశాను.

"పాపా, తట్టలో పది పురుగులు సచ్చినాయనుకో. ఆకు వాడిపోయి సచ్చినాయి, నాకు తెలుసు. నేను బయపడను, ఆకు మారుస్తా. అదే తట్టలో ఒక్క పురుగు, యాల సచ్చిందో తెలీకుండా సచ్చింది. దాన్ని నేను పారెయ్యను. అరచేతిలో పెట్టుకొని వెలుగులో తిప్పి సూస్తా. కారణం తెలిసిన పది సావులు ఒక ఎత్తు, తెలీని సావు ఒకటి ఒక ఎత్తు. రేపు తట్ట మొత్తాన్ని తినేది ఆ ఒకటే."

ఆ పిల్ల రాసుకుంది. నా మాట కాగితం మీదికెక్కింది. అతను నవ్వి, "ఈమెను మన ఆఫీసులో పెట్టుకుందాం" అన్నాడు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "రేపు పుంగనూరు వస్తా పెద్దమ్మా. ఒక్క రోజు చూస్తా. ఒక్క రోజులో ఆనవాలు దొరక్కపోతే వదిలేస్తా. సరేనా?" అంది.

సరేనా అంటే! బస్సులో నిలబడే వచ్చాను, కూర్చున్న గుర్తు లేదు. మరునాడు పొద్దున్నే షెడ్డు ముందు చిమ్మి, మేత వేసి, కోడి కోసి కూర చేశాను. మధ్యాహ్నం అయింది. రాలేదు. కూర చల్లబడింది. మళ్లీ పొయ్యి మీద పెట్టాను. రాలేదు. ఫోను చేశాను.

ఎత్తింది ఆ పిల్ల కాదు.

"అక్కా! కణ్ణు చేతులు కడుక్కుంటా ఉండాది. నేను కుప్పం నుంచి మాట్లాడేది" అంది ఆమె. ఆ పిల్ల ఫోను ఆమె చేతిలో ఉంది. దాని కన్నా నా గుండెలో ఒక ముల్లు పెట్టి తిప్పి ఉంటే మేలు.

"ఆడికి యాల వచ్చింది?" అన్నాను.

"నా పురుగులు తెల్లగా అయిపోతాండాయక్కా. సున్నం ముద్దల మాదిరి గట్టిగా. రెండు తట్టలు పోయినాయి. నాలుగు దినాల ముందర ఈడ జడివాన. ఆ వానలో ఈ ఫోను ఏమంటాదీ, గాలి ఎండిపోయింది, తడి గోనెలు కట్టండి అంటాది! నేను పిచ్చిదాని మాదిరి కట్టినా. మా ఆయన తిట్టినా కట్టినా. పొద్దున కణ్ణుకు చెప్తే ఉన్నపళంగా వచ్చేసింది." ఇంకా ఏమేమో చెప్పి, చివర అంది: "కణ్ణు ఎంత బాగా చెప్పిందో తెలుసా అక్కా. కారణం తెలిసిన పది సావులకన్నా తెలీని సావు ఒకటి పెద్దదంట. ఎంత తెలివో సూడు ఆ బిడ్డకు!"

అది నా మాట. అది నా మాట అని చెప్పబోయాను. చెప్పకుండా ఫోను పెట్టేశాను. పురుగులు పోయిన మనిషి మీద జాలి పడాలి గదా. నాకు జాలి రాలేదు. నేను ఒక్క సావు లేకుండా కాపాడుకున్నందుకు ఆ పిల్ల నా దగ్గరికి రాలేదు, ఆమె రెండు తట్టలు పోగొట్టుకున్నందుకు ఆమె దగ్గరికి పోయింది. నా పురుగులు కూడా రెండు తట్టలు పోయి ఉంటే బాగుండు అనుకున్నాను. పురుగుల షెడ్డులో నిలబడి అనుకున్నాను ఆ మాట. చెప్పడానికి నోరు రాదు కానీ, అనుకున్నాను.

అట్లా నిలబడి ఉండగానే నా చేతిలో ఫోను అంది: "తేమ పెరిగింది, కిటికీలు తెరవండి."

చుట్టూ చూశాను. ఏమీ మారలేదు. గోనెలు కూడా ఆరిపోయి ఉన్నాయి. ఒక నిమిషం ఆగి మళ్లీ అంది. ఇంకో నిమిషానికి మూడోసారి. డబ్బా దగ్గరికి పోయి చూశాను. అది ఊరికే వేలాడుతోంది, బొట్టు పెట్టుకుని. ఇంతలో ఫోను మోగింది.

"పెద్దమ్మా, ఇప్పుడు నీ ఫోను ఏమన్నా చెప్పిందా?" ఆ పిల్ల గొంతు.

ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. ఎట్లా తెలిసిందంటే చెప్పలేను. నాలుగు రోజుల ముందు అక్కడ వాన. అదే రోజు నా ఫోనులో తేమ. ఆమె ఫోనులో నా ఎండ. నేను ఇక్కడ కిటికీలు తెరుచుకున్నది కుప్పం వానకు. ఆమె అక్కడ గోనెలు తడుపుకున్నది పుంగనూరు ఎండకు. లేదు పాపా, ఏమీ చెప్పలేదు అంటే, ఇంకో వారం వాళ్లు ప్రోగ్రాం తవ్వుకుంటారు. లేదంటే వదిలేస్తారు. అట్లా అనడానికి నోరు తెరిచాను కూడా.

"చెప్పింది" అన్నాను.

"ఎన్నిసార్లు?"

"మూడు."

"నేను ఈ డబ్బా మీద మూడుసార్లు ఊదినా పెద్దమ్మా. కుప్పంలో" అంది. "ఇప్పుడు నువ్వు నీ డబ్బా దగ్గరికి పోయి, నోరు దగ్గర పెట్టి గట్టిగా ఊదు."

ఊదాను. నా ఊపిరికి డబ్బా ఊగింది. అవతల, ఆ పిల్ల ఫోను వెనక, కుప్పం ఆమె ఫోను మాట్లాడటం వినబడింది. తేమ పెరిగింది, కిటికీలు తెరవండి.

"ప్రోగ్రాంలో తప్పు లేదు" అంది ఆ పిల్ల, తనలో తాను అనుకున్నట్టు. "డబ్బాలే మారినాయి. ఎట్లా మారినాయి?"

అప్పుడు కుప్పం ఆమె గొంతు వినబడింది. "అయ్యో, నేనే మార్చి తెచ్చుకున్నానేమో కణ్ణూ! ఆ దినం బస్సుకు టైమైందని తొందర తొందరగా అట్టపెట్టె ఎత్తుకొని వచ్చేసినా. నా తప్పే అయింటాది. అక్కను ఏమీ అనద్దు."

"పోనీలే అత్తా, ఎవరికైనా జరుగుతుంది" అంది ఆ పిల్ల.

అంతే. అక్కడితో అయిపోయింది. నేను ఊరుకుంటే చాలు. తప్పు ఆమెది, రెండు తట్టలు పోగొట్టుకున్నది ఆమె, ఒక్క పురుగూ పోకుండా మొదట కనిపెట్టి చెప్పింది నేను. నేర్పించే షెడ్డు నా ఇంటికి నడిచి వచ్చేది.

మంచిదాన్ని కాబట్టి నిజం చెప్పాననుకునేరు. కాదు. ఆమె అట్లా అనగానే ఆ పిల్ల గొంతు మెత్తబడింది చూడండి, దాన్ని నేను ఓర్వలేకపోయాను. చెయ్యని తప్పును మీద వేసుకుని కూడా ఆమె మంచిదనిపించుకుంటోంది. చివరికి నా తప్పును కూడా ఆమే తీసుకుంటే నాకంటూ ఏం మిగిలింది?

"నేనే మార్చినా" అన్నాను. "ఆమె కాదు. పూజ దినం, మీరు అన్నానికి పోయినప్పుడు, నేనే మార్చినా."

స్పీకరులో ఆ మాట అవతల ఇద్దరికీ వినబడింది. కుప్పం ఆమే ఫోను లాక్కుంది.

"యాలక్కా?"

"నీ డబ్బాకు బొట్టుండాది. నా దానికి లేదు."

"బొట్టా!" అంది. "బొట్టు కావల్లంటే అడిగింటే నేను పెట్టింటా గదక్కా. నోరు లేదా నీకు? రెండు తట్టలక్కా! రెండు తట్టలు! నా చేత్తో ఏరి గుంతలో పూడ్చినా పొద్దున. బొట్టు కోసమా?"

"నిన్ను సూసి ఓర్వలేక" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది.

"నన్ను సూసి ఓర్చుకోలేనంతగా నా దగ్గర ఏముండాదే తల్లీ?" అని అరిచింది. ఏముందో అది ఆమె పక్కనే నిలబడి ఉంది. ఆమె ఇంకా తిట్టింది. అరవంలో కూడా తిట్టింది. అర్థం కాకున్నా అన్నీ విన్నాను. ఎప్పుడు పెట్టేసిందో తెలియదు.

ఆ పిల్ల ఆ రోజు కుప్పంలోనే ఉండిపోయింది. మరునాడు పొద్దున్నే స్కూటరు మీద అక్కడి డబ్బా తీసుకుని వచ్చింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నా షెడ్డులోని డబ్బా దించి, కుప్పం నుంచి తెచ్చింది తగిలించింది. నన్ను ఫోను పట్టుకుని దూరంగా నిలబడమని, డబ్బా మీద ఊదింది. నా ఫోను మాట్లాడింది. మళ్లీ ఊదింది. మళ్లీ మాట్లాడింది. చున్నీకి చెయ్యి తుడుచుకుంది.

"ఇక మీద ఎవరైనా ఎందుకో తెలియని తప్పు చెబితే, ప్రోగ్రాం జోలికి పోకముందు ఆ రోజే ఊదించి చూడమని రాసి పెట్టినా పెద్దమ్మా. ఒక్కసారి జరిగినా సరే. నిమిషం పని" అంది. "నువ్వు ఫోను చేసిన రోజే ఆ పని చేయించి ఉంటే ఆమె పురుగులు దక్కేవి. అది నా తప్పు. ఒక్కసారే కదా అని చూద్దామన్నా."

"నీది కాదు పాపా."

"నాది నాది. నీది నీది." అట్లా అని నా వైపు చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. నా పక్కన కూర్చుని ఉక్క ఎంత అని అడిగిన రోజుల్లో చూసినట్టే చూసింది. "నేను అడిగినా కదా పెద్దమ్మా. డబ్బా ఎవరన్నా మార్చినారా అని."

"చెప్పినా కదా."

"చెప్పినావు. నేను అడిగిన రోజు చెప్పలేదు." డబ్బా సంచిలో పెట్టుకుంది. "నేర్పించే షెడ్డు కుప్పంలో పెడతాం. పురుగులను చూసే చెయ్యి నీది మేలు. అది ఆమే అనింది. కానీ కొత్తవాళ్లు వచ్చి నేర్చుకునే చోట, జరిగింది జరిగినట్టు, జరిగిన రోజే చెప్పే మనిషి కావాలి. లేకపోతే నేను రోజూ లేని ఎలుక కోసం ఇల్లు తవ్వుకోవాల్సిందే."

నాకు ఏడుపు రాలేదు. "తిని పో" అన్నాను. నిన్నటి కూర ఉంది, పొద్దున మళ్లీ వేడి చేశాను. పది గంటలకు కుప్పం చేరాలి, మిగిలిన తట్టలు చూడాలి అంది. వంగి చెప్పులు వేసుకుంది. స్కూటరు తోట మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను.

తర్వాత పోయి ఆకు కోసుకొచ్చాను. పురుగులు ఆగవు గదా, వాటికి నా సంగతి ఏం పట్టింది? తట్ట తట్టకూ ఆకు పరిచాను. వేల నోళ్లు ఒక్కసారి కొరికితే సన్నవాన పడుతున్నట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు మధ్య నిలబడి, చచ్చిన ఆ రెండు తట్టల పురుగుల గురించి ఆలోచించాలి నేను. ఆలోచించలేదు. ఈపాటికి స్కూటరు పలమనేరు దాటి ఉంటుందా, ఆమె ఎదురుగా వచ్చి సంచి అందుకుంటుందా, ఏమని పిలుస్తుంది, అదే ఆలోచించాను.